బంతియాటలో వెనుక కావలివాడు



నంద్యాలకు చేరువనున్న మా యూరి రచ్చకట్టకడ ఒక వృద్ధ రైతు నన్ను నిలిపి యిట్లడిగెను: "అయ్యా, మా మనుమడు ఫుట్‌బాలు ఆటలో దిట్టయని బడిలో అందరును చెప్పుచున్నారు. అనంతపురమునకు శిక్షణకు పంపుమనుచున్నారు. నేను పోయి రెండు పందెములు చూచితిని. వాడొక గోలైనను కొట్టలేదు. వెనుక నిలుచువానికి పేరెక్కడిది, కూడెక్కడిది?"

ఆ ప్రశ్న అడుగదగినదే. ఆనాడు నేను చెప్పిన మాటలనే మీకును విన్నవించెదను.

వాన కురిసినపుడు అందరును చెరువు నీటిని చూతురు. కట్టను చూచువాడు నీరుగంటి యొక్కడే. బ్యాకు ఆటగాని పనియు కట్టపనియే. ఎదుటివాడు బంతితో వచ్చునపుడు తొందరపడి మీదికురుకువాడు మంచి బ్యాకు కాడు. వానికిని గోలునకును నడుమ నిలిచి, వానిని మైదానపు అంచునకు మెల్లగా నెట్టుకొనిపోయి, బంతి వాని కాలినుండి మూరెడు ఎడమైనపుడే తన్నవలెను. పాతపద్ధతిలో ఈ పనికి ఇద్దరే యుండెడివారు. ఒకడు తప్పినచో రెండవవాడు పరుగెత్తుటయే గతి.

హైదరాబాదువాడైన సయ్యద్ ఖ్వాజా అజీజుద్దీన్ అట్టి బ్యాకు. ఆయన ఆడినది నగర పోలీసు జట్టున. ఆనాడు మన దేశమున ఆటకు బాహాటముగ జీతము లేదు. కొలువిచ్చిన శాఖయే ఆటగానిని పోషించెడిది. ఆ జట్టునకు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్, వృత్తిచే ఉపాధ్యాయుడు. బడిపంతులు ఎంతపని చేయగలడో అనుమానించువారు వినవలెను: 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పు ఆ జట్టుదే. 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పును సైతము గెలిచినది.

1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణపతకము గెలిచిన మన జట్టులో అజీజుద్దీన్ ఒకడు. ఇరానుపై ఒకే గోలు, కొట్టినవాడు మేవాలాల్. ఆ పేరు దేశమెల్ల వినబడెను. కాని మూడు పందెములలోను మన గోలులోనికి ఒక్క బంతియు పోలేదన్న మాట ఎందరు గమనించిరి?

మరుసటి యేడు కథ తారుమారైనది. 1952లో హెల్సింకి ఒలింపిక్కులకు పోయిన జట్టులోను ఆయన యుండెను. యుగోస్లావియా మనపై పది గోలులు కొట్టెను; మనకు దక్కినది ఒకటి. మనవారిలో పెక్కుమంది వట్టికాళ్లతో ఆడిరి. మన గులకరాళ్ల నేలపై కాలు కాయకాసిన పిల్లలకు అది వింతగాదు గాని, ఆ చలిదేశపు చిత్తడిపచ్చికలో చెల్లలేదు. పిదప బూట్లు తప్పనిసరి చేసిరి.

ఇట్టి ఓటమి పిమ్మట పేరు మాసిపోవుట సులభము. అజీజుద్దీన్ నిలిచెను. 1956లో మెల్బోర్న్‌కు పోయిన జట్టులోను ఆయన గలడు. ఆ జట్టు ఆస్ట్రేలియాను 4-2గా ఓడించి నాలుగవస్థానము పొందెను. ఒలింపిక్కులలో మన బంతియాట అంతకు పైకి ఎన్నడును పోలేదు.

ఇదంతయు విని ముసలాయన, "అయితే కొలువు దొరకునా?" యనెను. అందరికిని దొరకదని దాచక చెప్పితిని. ఒక యేడు పంపి చూడుము, చదువు మాత్రము మాన్పింపకుమంటిని. ఆయన కొంతసేపు ఊరకుండి, బూట్ల జత వెల యెంతయని అడిగెను.