నేలయుడుతయు సముద్రపక్షియు: వర్గీకరణము, సంరక్షణస్థితి

జీవుల బంధుత్వమును నిర్ణయించునది వర్గీకరణము. వాని మనుగడకు గల అపాయమును కొలుచునది సంరక్షణస్థితి. ఈ రెండును వేఱువేఱు లెక్కలు. ఐరోపా నేలయుడుతను, అట్లాంటిక్ పఫిన్ అను సముద్రపక్షిని సరిపోల్చినచో ఈ భేదము స్పష్టమగును.

రెండును సకశేరుకములే. ఆపైన దారులు చీలుచున్నవి. నేలయుడుత క్షీరదము; ఎలుక మొదలగు కొఱుకుడు జంతువుల క్రమమున ఉడుతల కుటుంబమునకు చెందినది. మన పెరటి చెట్ల నెక్కు చారల యుడుతయు ఆ కుటుంబములోనిదే. పఫిన్ పక్షి, కరాడ్రిఫార్మీస్ క్రమమున ఆల్సిడే కుటుంబమునకు చెందినది. మన పొలముల కూయు తీతువు ఆ క్రమములోనిదే గాని దాని కుటుంబము వేఱు.

లిన్నేయస్ 1758లో పఫిన్‌ను ఆల్కా ప్రజాతిలోను, 1766లో నేలయుడుతను ఎలుకల ప్రజాతియగు మస్‌లోను చేర్చెను. తరువాతి శాస్త్రజ్ఞులు వీనిని క్రమముగా ఫ్రాటెర్క్యులా, స్పెర్మోఫిలస్ ప్రజాతులకు మార్చిరి. 2009లో ఆ స్పెర్మోఫిలస్ సైతము ఎనిమిది ప్రజాతులుగా విభజింపబడినది. ప్రాత గ్రంథములు చదువువారు ఈ మార్పులను గమనింపవలెను.

బంధుత్వము దూరమైనను జీవనమున ఒక పోలిక గలదు: రెండును బొరియలు త్రవ్వును. నేలయుడుత పొట్టిగడ్డి బయళ్లలో వసించి, చలికాలమంతయు బొరియలో నిద్రించును. ఏటికొక ఈతలో పలు పిల్లలను కనును. పఫిన్ సముద్రతీరపు కొండకొమ్ముల మట్టిలో బొరియ చేసి, ఏటికి ఒక్క గ్రుడ్డు మాత్రమే పెట్టును.

ఇట్లుండ, ఎక్కువ పిల్లలను కను ప్రాణియే ఎక్కువ యపాయమున నున్నది. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము తన ఎఱ్ఱజాబితాలో పఫిన్‌ను 2015లో 'దుర్బల' శ్రేణిలో నుంచినది. నేలయుడుతను 2020లో అంతకు పైదగు 'ఆపన్న' శ్రేణికి చేర్చినది. పఫిన్లు నేటికిని కోటికి మించి యున్నవి. అయినను జాబితాకెక్కుటకు కారణమేమన, ఆ జాబితా తలల లెక్కనే గాక తగ్గుదల వేగమును గూడ చూచును.

కారణములును వేఱు. పచ్చికబయళ్లు దున్నబడుటచేతను, పశువుల మేపు మానుటవలన గడ్డి యెత్తుగా పెరుగుటచేతను నేలయుడుతకు నెలవు కఱవైనది. పఫిన్‌కు సముద్రము వేడెక్కుటవలనను, చేపల వేటవలనను ఆహారము తగ్గినది. ద్వీపములకు చేరిన ఎలుకలు గ్రుడ్లను, పిల్లలను తినుచున్నవి.

నివారణోపాయములును తదనుగుణములే. పోలెండున అంతరించిన నేలయుడుతను 2005లో మరల తెచ్చి విడిచిరి. బ్రిటన్‌లోని లండీ ద్వీపమున ఎలుకలను నిర్మూలించిన పిదప పఫిన్లు తిరిగి వృద్ధిపొందినవి. జీవి యేదియో తెలుపునది వర్గీకరణము. దానికి కొఱతయైన దేమియో తెలిసినగాని రక్షణ సాధ్యము కాదు.