ఓడకు ముందు గీత

ఇల్లు కట్టువానికి గుండుదారము, మూలమట్టము ఉన్న చాలును. గోడ నిలువుగా లేచును, మూల సమకోణముగా కుదురును. ఓడ కట్టువానికి అట్టి సౌకర్యము లేదు. అణియము మొదలు అమరము వరకు ఓడ దేహములో వంపులే అధికము. అవి అందమునకై పెట్టినవి కావు. నీటిని సుళువుగా చీల్చుటకు ముందుభాగము సన్నగిలవలెను. సరకు మోయుటకు నడుము విశాలము కావలెను. చుక్కానివద్దకు నీరు చక్కగా చేరుటకు వెనుకభాగము మరల సన్నగిలవలెను. ఇన్ని వంపులుగల మూర్తిని చదునైన కాగితముపైకి దింపుట యెట్లు? నౌకానిర్మాణ శాస్త్రమున ఇదియే మొదటి పాఠము.

ఈ పాఠము తెలియని కాలమునను ఓడలు కట్టబడినవి. తరతరముల అనుభవము, వడ్రంగి కంటిచూపు, వాడుకలోని కొలతల సూత్రములు అందుకు ఆధారములు. పాత తరహా ఓడను మరల కట్టుటకు ఆ విద్య చాలెను. కొత్త తరహా ఓడ కోరినపుడే చిక్కు వచ్చెను. స్వీడన్ రాజు గుస్టావస్ అడాల్ఫస్ కట్టించిన ‘వాసా’ యను యుద్ధనౌకకు ఫిరంగుల అంతస్తులు రెండు. 1628 ఆగస్టు 10వ తేదీన అది స్టాక్‌హోమ్ రేవులో తెరచాపలెత్తి, సుమారు 1300 మీటర్లు మాత్రమే సాగి, గాలి విసురునకు ప్రక్కకు ఒరిగి మునిగిపోయెను. ముప్పదిమంది వరకు ప్రాణములు కోల్పోయిరి. పైభాగమున బరువు మిక్కుటము. నీటిలోని దేహము దానికి చాలనిది. బయలుదేరుటకు పూర్వమే ముప్పదిమంది నావికులను అటునిటు పరుగెత్తించి చూడగా ఓడ ప్రమాదకరముగా ఊగెను. కాని అప్పటికే ఓడ పూర్తియైనది. కట్టకముందే ఓడను పరీక్షించు సాధనము వారివద్ద లేదు. తరువాతి కాలమున ఆ సాధనమునకు పునాదియైనది రేఖాచిత్రము.

దాని పద్ధతి తెలియుటకు ఒక దోసకాయ చాలును. దానిని చక్రములుగా అడ్డముగా తరిగినచో ముక్కల అంచులు ఒక ఆకారము చూపును. పొడవునా నిలువు పలకలుగా కోసినచో వేరొక ఆకారము; బల్లకు సమాంతరముగా పొరలుగా కోసినచో ఇంకొక ఆకారము. ఓడ దేహమును ఊహలో ఇట్లే మూడు విధముల కోయుదురు. అడ్డుకోతల వంపులు బాడీ ప్లానులోను, నిలువుకోతల వంపులు ప్రక్కచూపైన షీర్ ప్లానులోను, నీటిమట్టమునకు సమాంతరమైన నీటిరేఖల వంపులు పైచూపైన హాఫ్ బ్రెడ్త్ ప్లానులోను కనబడును. ఒక చిత్రములో వంపైన గీత తక్కిన రెండింటిలోను సరళరేఖయే. ఎడమ కుడి ప్రక్కలు సమానములు గనుక సగమే గీయుదురు. ఓడ పొడవును సాధారణముగా పది సమభాగములు చేసి, స్థానములకు 0 నుండి 10 వరకు అంకెలు వేయుదురు.

ఈ మూడు చిత్రములు ముగ్గురు సాక్షుల వంటివి. ఐదవ స్థానమున, నాలుగు మీటర్ల ఎత్తున, ఓడ సగము వెడల్పు ఏడు మీటర్లని బాడీ ప్లాను చెప్పినచో హాఫ్ బ్రెడ్త్ ప్లాను కూడ అదియే చెప్పవలెను. సాక్ష్యము పొసగనిచో గీత దిద్దవలసినదే. ఒకచోట దిద్దిన గీత మిగిలిన రెండుచోట్లను కదలును. మూడింటికి ఏకవాక్యత కుదురువరకు సాగు ఈ పనిని ఫేరింగ్ అందురు. సన్నని బద్దను సీసపు తూనికలతో అదిమిపట్టి, దాని సహజమైన వంపు వెంట గీత గీచెడివారు. ఆ బద్ద పేరు స్ప్లైన్. నేటి కంప్యూటరు గణితములోని స్ప్లైన్ వక్రములకు పేరు దానినుండియే వచ్చినది.

గీతలు కుదిరిన పిమ్మట అవి అంకెలగును. అడ్డుకోతల వైశాల్యములను సింప్సన్ సూత్రముతో కూర్చి, నీటిలోని దేహపు ఘనపరిమాణము కనుగొందురు. 100 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు కలిగి 6 మీటర్ల లోతు మునుగు ఓడ చుట్టును ఒక పెట్టె ఊహింపుడు. పెట్టె 9000 ఘనమీటర్లు. అందులో ఓడ 6300 ఆక్రమించినచో నిష్పత్తి 0.70. ఇదియే బ్లాక్ గుణకము. చమురు మోయు పెద్ద ఓడలకు ఇది 0.80 దాటును, వేగము కోరు ఓడలకు తగ్గును. ఘనమీటరు సముద్రజలము సుమారు 1.025 టన్నులు గనుక ఆ ఓడయు సరకును కలిసి సుమారు 6460 టన్నులు తూగును.

ఒరిగిన ఓడ మరల నిలుచునో లేదో గణించు మార్గమును ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియేర్ బుగేర్ 1746లో ప్రకటించెను. వాసా మునిగిన స్వీడన్ దేశమునందే జన్మించిన ఫ్రెడ్రిక్ హెన్రిక్ చాప్‌మన్, ఆ సూత్రమునకు పేరిచ్చిన టామస్ సింప్సన్ వద్ద లండనులో గణితము నేర్చి, 1768లో పెక్కు ఓడల రేఖాచిత్రములతో మహాగ్రంథము వెలువరించెను.

నూరవవంతు పరిమాణమున గీచిన పటములో అర మిల్లీమీటరు పొరపాటు ఓడలో ఐదు సెంటీమీటర్లగును. అందుచే నౌకానిర్మాణశాలలలో విశాలమైన చెక్కనేలపై గీతలను అసలు పరిమాణమున మరల గీచి, అచ్చులు తీసి, వాని ననుసరించి ఉక్కు కోసెడివారు. విశాఖపట్టణమున నిర్మితమై 1948 మార్చి 14వ తేదీన నెహ్రూ జలప్రవేశము చేయించిన ‘జల ఉష’ ఆ కాలపు ఓడ. నేడు ఆ నేల స్థానమును కంప్యూటరు తెర ఆక్రమించినది. అయినను మూడు చిత్రముల సాక్ష్యము ఒక్కటి కావలెనను ధర్మము మారలేదు. నీటిపై తెలిసిన తప్పునకు మూల్యము ప్రాణములు. కాగితముపై తెలిసిన తప్పునకు మూల్యము ఒక రబ్బరుముక్క.