కేజీఎఫ్ అడుగున ప్రోటాన్‌కు పరీక్ష: అపోహలు – వాస్తవాలు

సోమల, పుంగనూరు, కుప్పం వైపు కేజీఎఫ్ (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్) పేరు వినని ఇల్లుండదు. గని పనికి మన చిత్తూరు జిల్లా నుంచి వెళ్లిన కుటుంబాలు ఎన్నో. సినిమా వచ్చాక ఆ పేరు ఇంకా మోగిపోయింది. అయితే బంగారం తవ్విన ఆ సొరంగాల్లోనే భౌతికశాస్త్రంలోని పెద్ద చిక్కు ప్రశ్నలకు జవాబులు వెతికారన్న సంగతి చాలామందికి తెలియదు. నేను శాస్త్రవేత్తను కాను, ఫిజిక్స్ పిచ్చి ఉన్న మామూలు పాఠకుణ్ని. ఈ ముచ్చట ఎత్తినప్పుడల్లా వినబడే మాటలు, వాటి వెనక ఉన్న నిజాలు ఇవీ.

అపోహ: అలాంటి పరిశోధనలు జెనీవాలోనో అమెరికాలోనో జరుగుతాయి. మన దగ్గర ఏముంది?

వాస్తవం: హోమీ భాభా సలహాతో 1951లోనే బి.వి. శ్రీకంఠన్ కాస్మిక్ కిరణాలను కొలిచే పరికరాలతో కేజీఎఫ్ గనుల్లోకి దిగారు. 1965లో టాటా ఇన్‌స్టిట్యూట్, ఒసాకా, డరహం బృందాలు కలిసి సుమారు 2.3 కిలోమీటర్ల లోతున, వాతావరణంలో పుట్టిన న్యూట్రినోలనే సూక్ష్మ కణాల జాడ పట్టాయి. అదే ఏడాది దక్షిణాఫ్రికా బంగారు గనిలో మరో బృందమూ పట్టింది. అంతకుముందు ప్రపంచంలో ఎవరికీ ఆ వాతావరణ న్యూట్రినోలు చిక్కలేదు. కేజీఎఫ్ ఫలితాన్ని ప్రకటించిన పత్రం రాసినవారిలో ఎం.జి.కె. మీనన్, శ్రీకంఠన్‌లతో పాటు పి.వి. రమణమూర్తి, వి.ఎస్. నరసింహం కూడా ఉన్నారు.

అపోహ: న్యూట్రినోలు భూమి లోతుల్లోనే ఉంటాయి, అందుకే గనిలోకి వెళ్లారు.

వాస్తవం: అవి లేని చోటు లేదు. సూర్యుడి నుంచి వచ్చేవే సెకనుకు, చదరపు సెంటీమీటరుకు దాదాపు 6,500 కోట్లు మన ఒంట్లోంచి దూసుకుపోతుంటాయి. దేన్నీ సరిగా తాకవు కాబట్టి హానీ ఉండదు. చిక్కల్లా కాస్మిక్ కిరణాల వల్ల పైనుంచి కురిసే మ్యుయాన్లనే కణాలతోనే. నేలమీద చాచిన అరచేతిలోంచి సెకనుకు ఒకటి చొప్పున పోతుంటాయి. ఆ రద్దీలో న్యూట్రినో ఆనవాలు పట్టడం అసాధ్యం. పైనున్న కిలోమీటర్ల రాయి జల్లెడలా పనిచేసి మ్యుయాన్లను ఆపేస్తుంది, న్యూట్రినోలను వదిలేస్తుంది.

అపోహ: పదార్థాన్ని సృష్టించలేం, నాశనం చేయలేం. బళ్లో చదువుకున్నదే కదా!

వాస్తవం: రసాయన చర్యల లెక్కకు ఆ సూత్రం చాలు. కానీ ఎలక్ట్రాన్‌కు దాని ప్రతికణం పాజిట్రాన్ ఎదురుపడితే రెండూ పోయి గామా కిరణాలవుతాయి. అక్కడ పదార్థం నిలవదు, శక్తి లెక్క నిలుస్తుంది. ప్రోటాన్ ఎవరి తాకిడీ లేకుండా తనంతట తానే విచ్ఛిన్నమవుతుందని 1974లో జార్జి, గ్లాషో ప్రతిపాదించిన మహా ఏకీకరణ సిద్ధాంతం చెప్పింది. విశ్వంలో ప్రతిపదార్థం పోయి పదార్థమే ఎందుకు మిగిలిందన్న చిక్కుముడికీ దీనికీ ముడి ఉంది.

అపోహ: ప్రోటాన్ ఆయుష్షు విశ్వం వయసును మించితే, మనిషి దాన్ని ఎలా తేలుస్తాడు?

వాస్తవం: ఒక్క ప్రోటాన్ ముందు కాపు కాస్తే తేలదు. లెక్కలేనన్నిటిని ఒకేసారి గమనించాలి. 1980 చివర్లో కేజీఎఫ్‌లో పెట్టిన పరికరం బరువు 140 టన్నులు. ఇనుప పలకల నడుమ వరసలుగా, దూసుకెళ్లే కణాల దారిని నమోదు చేసే కౌంటర్ గొట్టాలు. గ్రాము ఇనుములో ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపి 6 పక్కన 23 సున్నాలన్ని ఉంటాయి. ఆ చొప్పున 140 టన్నుల్లో ఉండేవి సుమారు 8 పక్కన 31 సున్నాలు. వాటి సగటు ఆయుష్షు 1 పక్కన 31 సున్నాల ఏళ్లే అయితే, ఏడాదికి ఓ ఎనిమిది రాలాలి. ఆ ఎనిమిదీ కనబడతాయా లేదా అన్నదే పరీక్ష.

అపోహ: కేజీఎఫ్‌లో ప్రోటాన్ విచ్ఛిత్తిని కనుక్కున్నారు, ఆ ఘనత మనకు దక్కనివ్వలేదు.

వాస్తవం: అలా అనిపించే ఘటనలు కొన్ని కనబడ్డాయని ఆ బృందం 1980ల మొదట్లో ప్రకటించిన మాట నిజమే. కానీ న్యూట్రినో ఢీకొన్నా అలాంటి గీతలే పడవచ్చు. తర్వాత వచ్చిన పెద్ద పరికరాలకు ఒక్క విచ్ఛిత్తీ చిక్కలేదు. 1996లో జపాన్‌లో మొదలైన సూపర్ కామియోకాండేలో 50,000 టన్నుల నీరుంది. పాజిట్రాన్, పయాన్ అనే కణాలుగా విడిపోయే దారి ఒక్కటే చూస్తే, ప్రోటాన్ ఆయుష్షు 1 పక్కన 34 సున్నాల ఏళ్లకు పైమాటేనని అది తేల్చింది.

అపోహ: మరి ఆ శ్రమంతా వృథానే కదా!

వాస్తవం: 1974 నాటి సిద్ధాంతం తొలి రూపం చూడముచ్చటైనది. దాన్ని కొట్టేసింది మరో సిద్ధాంతం కాదు, గనుల్లో ఏళ్ల తరబడి ఏమీ కనబడకపోవడం. అంతమాత్రాన ప్రోటాన్ చిరంజీవి అని రుజువైనట్టూ కాదు. కేజీఎఫ్ ప్రయోగాలు 1990ల మొదట్లో ముగిశాయి, గనులు 2001లో మూతపడ్డాయి. జపాన్‌లో ఇప్పుడు ఇంకా పెద్దదైన హైపర్ కామియోకాండేను కడుతున్నారు. ప్రశ్న మారలేదు, తూకం మాత్రం పెరుగుతోంది.