తొలకరి నర్సరీలో పిట్టలు, పురుగులు, పాములు

మొక్కలు పెంచి అమ్మేవాళ్ళకు ఏడాదిలో అసలైన పనికాలం తొలకరితో మొదలవుతుంది. రాజమహేంద్రవరం పక్కనున్న కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి గ్రామాల్లో రోడ్డుకు ఇరువైపులా కనిపించేవన్నీ నర్సరీలే. వాటిలో వందల రకాలు పెంచే పెద్దవి ఉన్నాయి, ఎకరం అరెకరంలో ఇంటిల్లిపాదీ కష్టపడి నడుపుకొనే చిన్నవీ ఉన్నాయి. ధవళేశ్వరం దగ్గర బ్రిటిష్ ఇంజినీరు ఆర్థర్ కాటన్ కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయ్యాక ఈ ప్రాంతానికి కాలువ నీరు అందింది. గోదావరి ఒండ్రు ఎటూ ఉంది. వేసవిలో కట్టేసిన కాలువలకు జూన్‌లో నీళ్ళు వదులుతారు. వానలూ అప్పుడే పడతాయి. రైతులు, ఇళ్ళవాళ్ళు, పంచాయతీలు అందరూ మొక్కలు నాటే అదను అదే. 1950లో మొదలైన వనమహోత్సవానికైనా, 2015లో తెలంగాణ చేపట్టిన హరితహారానికైనా వానాకాలాన్నే ఎంచుకున్నది ఇందుకే.

ఈ నాలుగు నెలల్లో చిన్న నర్సరీలో చేతులకు తీరిక ఉండదు. ఒకవైపు అమ్మకం, మరోవైపు వచ్చే ఏడాది సరుకు తయారీ. ఒండ్రు, ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి కవర్లు నింపుతారు. ఈ పని ఎక్కువగా ఆడకూలీలది. మామిడి టెంకలకు మొలకెత్తే శక్తి కొన్ని వారాల్లోనే పోతుంది కనుక, పండ్లు తిన్న కాలంలోనే వాటిని మళ్ళలో పాతాలి. మొలిచిన మొక్క లేత రాగిరంగు ఆకులతో ఉండగానే తల కోసి, కాండాన్ని నిలువునా చీల్చి, బంగినపల్లి, సువర్ణరేఖ లాంటి మేలు రకం కొమ్మను ఉలిలా చెక్కి అందులో దింపి ప్లాస్టిక్ పట్టీతో బిగిస్తారు. జులై, ఆగస్టుల్లో గాలిలో తేమ ఎక్కువ. కోసిన కొమ్మ త్వరగా ఎండిపోదు, అంటు బాగా పడుతుంది.

ఆ తేమ, ఆ లేత చిగుళ్ళే సకల జీవులనూ నర్సరీకి రప్పిస్తాయి. ఊళ్ళో ఎవరి పెరట్లోనో ఒక నిమ్మచెట్టు, మరెవరి దొడ్లోనో ఒక కరివేపాకు చెట్టు ఉంటాయి. నర్సరీలో ఇవి వేల సంఖ్యలో ఒకేచోట, ఒకే వయసులో, రోజూ నీళ్ళు తాగుతూ నిలబడి ఉంటాయి. గుడ్లు పెట్టడానికి లేత ఆకు వెతుక్కునే సీతాకోకచిలుకకు ఇంతకన్నా ఏం కావాలి?

నలుపు మీద లేత పసుపు మచ్చలతో ఎగిరే నిమ్మ సీతాకోకచిలుక జూన్ నుంచే ఈ మళ్ళ మీద తిరుగుతూ ఉంటుంది. లేత ఆకు మీద వాలీ వాలకుండానే గుండుసూది తలంత గుడ్డు ఒకటి అంటించి పక్క మొక్కకు వెళ్తుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల గొంగళి నలుపు తెలుపు కలిసి అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది. పిట్టలు దాన్ని ముట్టకపోవడానికి ఆ రూపమే కారణం. పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. వేలితో తాకితే తల వెనక నుంచి ఎర్రటి చీలిన కొమ్ములాంటిది బయటికి చాచి ఘాటైన వాసన వదులుతుంది. కాసే చెట్టు మీద ఇలాంటివి పది ఉన్నా చెట్టుకు లెక్కలేదు. పన్నెండు ఆకుల అంటుమొక్కను మాత్రం ఒకటి రెండు గొంగళ్ళు నాలుగు రోజుల్లో మోడు చేస్తాయి. చిన్న నర్సరీల్లో పొద్దున్నే మళ్ళలో నడుస్తూ చేత్తో ఏరేయడమే దీనికి మేలైన మందు. ఏరినవాటిని అమ్మకానికి పెట్టని పెద్ద నిమ్మచెట్టు మీద వదిలితే సీతాకోకలూ మిగులుతాయి, మొక్కలూ మిగులుతాయి.

గన్నేరు వరుసల్లో మరో రకం సీతాకోకచిలుక పెరుగుతుంది. నల్లగోధుమ రంగు రెక్కల అంచున తెల్లచుక్కలుండే దీని ప్యూపా ఆకు కింద వేలాడుతూ వెండిపూత పూసినట్టు మెరుస్తుంది. పిట్టలకు ఇది రుచించదు కనుక దీని జోలికి రావు. గులాబీ ఆకుల అంచున వృత్తలేఖినితో గీసినంత నున్నగా గుండ్రటి ముక్కలు పోయి కనిపిస్తే అది ఆకు కత్తిరించే తేనెటీగ పని. అది ఆ ముక్కలను తినదు. వెదురు బొంగులోనో, గోడ కంతలోనో పిల్లలకు గదులు కట్టడానికి పట్టుకెళ్తుంది. కొనేవాళ్ళు ఆ మొక్కను వద్దని పక్కన పెడతారు గానీ, దానికి జరిగిన నష్టం ఏమీ లేదు.

అసలు నష్టం చేసేవి కంటికి సరిగా ఆననివి. మందారం చిగుళ్ళలో తెల్లగా పేరుకునే పిండినల్లి, గులాబీ మొగ్గల మీది పేనుబంక ఆకు రసం పీల్చి తియ్యటి జిగురు విసర్జిస్తాయి. ఆ జిగురు కోసం చీమలు వాటిని కాపలా కాస్తాయి, శత్రువులను తరిమేస్తాయి. ఆ శత్రువుల్లో ముఖ్యమైనవి అక్షింతల పురుగులు. పిండినల్లిని తినే ఒక ఆస్ట్రేలియా జాతి అక్షింతల పురుగును 1898లోనే కాఫీ తోటల పొలుసు పురుగుల మీద ప్రయోగించడానికి భారతదేశానికి తెచ్చారు. దాని పిల్ల పురుగు ఒంటి నిండా తెల్లటి మైనపు పోగులతో పిండినల్లిలాగే కనిపిస్తుంది. తేడా ఒక్కటే: పిండినల్లి కన్నా పెద్దది, చురుగ్గా పాకుతుంది. ఈ తేడా తెలియక పనివాళ్ళు దాన్ని నలిపేయడం, మందు కొట్టి చంపేయడం తరచూ జరుగుతుంది. ఒక్క విడత మందుకే పురుగును తినే పురుగులన్నీ పోతాయి. పిండినల్లి మాత్రం మైనం చాటున బతికిపోయి మళ్ళీ పెరుగుతుంది. పిచికారీకి ముందు ఆకు తిప్పి చూసే అలవాటు ఉన్న నర్సరీకి మందు ఖర్చు తగ్గుతుంది.

పిట్టలు ఈ పురుగుల మీదే పిల్లలను సాకుతాయి. వెడల్పాటి ఆకులున్న కుండీ మొక్కల్లో దర్జీ పిట్ట గూడు కడుతుంది. ఆకు అంచుల్లో ముక్కుతో కన్నాలు పొడిచి, సాలీడు దారం, దూది, నారపోగులతో రెండంచులనూ కుట్టి సంచి చేస్తుంది. పైకి అది ముడుచుకున్న ఆకులాగే ఉంటుంది. గుడ్డు నుంచి పిల్ల ఎగిరేదాకా పట్టేది దాదాపు నాలుగు వారాలు. ఈలోగా ఆ కుండీని జరిపితే తల్లిపిట్టకు గూడు దొరక్కపోవచ్చు. ఒక మొక్క అమ్మకాన్ని నెల రోజులు ఆపితే పోయేది కొద్ది రూపాయలే. ఆ పిట్టల జంట తన పిల్లల కోసం రోజంతా ఏరుకొచ్చే గొంగళ్ళు నర్సరీ మళ్ళలోవే. మందారాలు, నూరువరహాల పూల చుట్టూ తేనెపిట్టలు, పొదల్లో పిగిలిపిట్టలు కూడా ఇదే కాలంలో సందడిగా ఉంటాయి.

సాయంత్రం నీళ్ళ తొట్టి దగ్గర వేరే లోకం. చెట్టుకప్ప తొట్టి గోడకు, నీటికి జానెడు పైన, నురగ ముద్దలో గుడ్లు పెడుతుంది. పైపొర ఆరి గట్టిపడి లోపలి తడిని కాపాడుతుంది. కొన్ని రోజులకు తోకకప్పలు ఒక్కొక్కటే జారి నీళ్ళలో పడతాయి. సబ్బు నురగ అనుకుని కడిగేసేవాళ్ళు ఎక్కువ. మందు డబ్బా అదే తొట్టిలో ముంచి కడిగితే కప్పల సంతతి అక్కడితో ఆగిపోతుంది.

నేల మీద కథ ఇంత సున్నితంగా ఉండదు. 1847లో కోల్‌కతాలో విడిచిపెట్టిన ఆఫ్రికా నత్త ఇప్పుడు దేశంలో చాలా చోట్ల ఉంది. వానరాత్రుల్లో బయటికొచ్చి నారుమళ్ళను మేస్తుంది, ఒక విడతలో వంద పైచిలుకు గుడ్లు పెట్టగలదు. జెముడుకాకి దాన్ని పగలగొట్టి తింటుంది గానీ, ఆ సంఖ్యకు అది చాలదు. కుండీల దొంతరల్లో ఎలుకలు, వాటి కోసం జెర్రిపోతులు, నాగుపాములు, రక్తపింజరలు చేరతాయి. కవర్లు ఎత్తేవాళ్ళు ముందు కర్రతో తట్టి చేయి పెట్టాల్సిందే. 2024 సెప్టెంబరులో రాజమహేంద్రవరం దగ్గరి దివాన్‌చెరువు అటవీ ప్రాంతంలో తిరిగిన చిరుతపులి నెలాఖరుకు కడియపులంక నర్సరీల వైపే వచ్చింది. అటవీ సిబ్బంది పాదముద్రల కోసం మొక్కల వరుసల మధ్య గాలించారు. మనిషి నాటిన పచ్చదనమైనా దట్టంగా, తడిగా ఉంటే అది అడవి జంతువుకు చాటు ఇస్తుందనడానికి ఇది నిదర్శనం.

నర్సరీలోని ప్రాణులు నర్సరీలోనే ఉండిపోవు. వానపాములా కనిపించే చిన్న గుడ్డిపాము మట్టిలో చీమల, చెదల గుడ్లు తిని బతుకుతుంది. మనిషికి దానితో ఏ హానీ లేదు. ప్రకృతి శాస్త్రవేత్త ప్యాట్రిక్ రస్సెల్ కోరమండల్ తీరపు పాముల గ్రంథంలో దీన్ని రెండు తలల పాము అనే తెలుగు పేరుతో చిత్రించాడు. ఆ ఆధారంతో 1803లో శాస్త్రీయ నామం పెట్టారు, ఆ తొలి నమూనా దొరికిన చోటు విశాఖపట్నం. ఈ జాతిలో అన్నీ ఆడవే. మగతోడు లేకుండానే గుడ్లు పెడతాయి. ఒక్క పాము కుండీ మట్టిలో చేరితే చాలు, కొత్త దేశంలో సంతతి మొదలవుతుంది. అలా కుండీలతోనే అమెరికా, ఆస్ట్రేలియా దాకా వెళ్ళింది.

మొక్కలతో పాటు లారీ ఎక్కేవన్నీ ఇంత సాధువులు కావు. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి కొబ్బరితోటల్లో బయటపడిన సర్పిలాకార తెల్లదోమ కొద్దికాలంలోనే గోదావరి జిల్లాల కొబ్బరికీ సోకింది. ఆకు అడుగున తెల్లటి మైనపు చుట్లు, పైన నల్లటి మసి దాని గుర్తులు. కొబ్బరి, అరటి, జామతో పాటు అలంకరణ మొక్కల మీదా బతుకుతుంది కనుక మొక్కల రవాణా దాని వ్యాప్తికి దారి చూపింది. అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం దీనిపై మిత్ర శిలీంధ్రాన్ని, పరాన్నజీవి కందిరీగను ప్రయోగిస్తోంది. లారీకి ఎత్తే ముందు ఆకు అడుగు చూడటం, సోకిన మొక్కను ఆపేయడం నర్సరీ చేతిలో ఉన్న పని. కొన్నవాళ్ళు కొత్త మొక్కను రెండు వారాలు మిగతావాటికి దూరంగా ఉంచి, కవరు అడుగున నత్త గుడ్లు ఉన్నాయేమో చూసి, ఆ తర్వాతే పెరట్లో నాటుకోవాలి.