పొదుపు మాటున కోత

పొదుపు మన ఇళ్ళలో మంచి మాట. ప్రభుత్వం దాన్ని అరువు తెచ్చుకున్నప్పుడు అర్థమే మారిపోతుంది. 2008 నాటి బ్యాంకుల సంక్షోభం మిగిల్చిన లోటును బ్రిటిష్ పాలకులు 2010 నుంచి ఈ పేరుతోనే పూడ్చబూనుకున్నారు. ధరల పెరుగుదలను లెక్కిస్తే, ఇంగ్లండులో స్థానిక సంస్థలకు కేంద్రం ఇచ్చే నిధులు 2017-18 నాటికి దాదాపు సగానికి పడిపోయాయి.

కోత అందరికీ ఒకటే గదా అంటారు. మతలబంతా అక్కడే ఉంది. ఖరీదైన ఇళ్ళున్న సర్రే వంటి దక్షిణాది కౌంటీలు సొంత పన్నులతో చాలావరకు నెట్టుకురాగలవు. గనులు, మిల్లులు మూతబడ్డ ఉత్తరాది పట్టణాలకూ, లివర్‌పూల్ వంటి రేవులకూ కేంద్రం గ్రాంటే ఆధారం. ఎవరు దానిమీద ఎక్కువ ఆధారపడ్డారో వారికే పెద్ద దెబ్బ తగిలింది. వృద్ధుల, అనాథ బాలల సంరక్షణ చట్టరీత్యా తప్పనిసరి. గ్రంథాలయాలకూ 1964 నాటి చట్టం ఉంది గాని, ఎన్ని ఉండాలో, ఎన్ని గంటలు తెరవాలో అది చెప్పదు. అందుకే కత్తి అటు తిరిగింది.

బర్మింగ్‌హామ్‌లో దాదాపు 19 కోట్ల పౌన్లతో కట్టిన గ్రంథాలయాన్ని 2013 సెప్టెంబరులో మలాలా ప్రారంభించింది. 2015లో వారానికి 73 గంటల పనివేళలను 40కి కుదించారు. 2023 సెప్టెంబరులో నగరపాలక సంస్థే చేతులెత్తేసింది. స్త్రీ ఉద్యోగుల సమాన వేతన బకాయిలు, కంప్యూటర్ వ్యవస్థ వైఫల్యం కూడా అందుకు కారణాలు. వాటిని దాచడం విమర్శకుడికి తగదు. 2024లో నగరంలోని ప్రధాన కళాసంస్థల గ్రాంట్లను సగానికి కోసి, మరుసటి ఏడాది పూర్తిగా ఎత్తివేయాలని తీర్మానించారు. అదే తీర్మానంలో ఇంటి పన్ను దాదాపు 10 శాతం పెంచారు.