కథ యేది? జరిగిన దేది?



మన బోథ్ ప్రాంతమున రచ్చకట్టపై నలుగురు చేరినచో కుమ్రం భీము మాట రాక మానదు. ఆయనకు మంత్రములు వచ్చుననియు, తుపాకి గుండ్లు ఆయనను తాకజాలవనియు కొంద రందురు. అల్లూరి సీతారామరాజుతో కలిసి తెల్లవారిపై పోరినాడని పిల్ల లందురు. ఈ రెండవ మాటకు మూలము 2022లో వెలువడిన చలనచిత్రము. అది కల్పన. సీతారామరాజు మన్యమున 1924 మే 7వ తేదీన కాల్చి చంపబడెను. భీము జోడేఘాట్ వద్ద నిజాము పోలీసుల కాల్పులలో మరణించినది 1940లో. వారిరువురు కలిసిరనుటకు ఆధారము లేదు.

కథను పరీక్షించుటకు మన యింటనే యొక సాధనము గలదు. అది పంచాంగము. జోడేఘాట్‌లో భీము వర్ధంతిని ఏటేట ఆశ్వయుజ పౌర్ణమినాడు జరుపుదురు. కొన్ని వ్రాతలలో మరణదినము సెప్టెంబరు 1 అనియు, మరికొన్నింట అక్టోబరు 27 అనియు ఉన్నది. 1940 అక్టోబరు 1న దక్షిణాఫ్రికాలో సంపూర్ణ సూర్యగ్రహణము కనబడెను. కనుక ఆనాడు అమావాస్య. అది భాద్రపదమాసాంతము. పదునైదు దినముల పిదప, అనగా అక్టోబరు 16 ప్రాంతమున, ఆశ్వయుజ పౌర్ణమి. సెప్టెంబరు 1 మరియొక అమావాస్యను ఆనుకొని యున్నది. అక్టోబరు 27 కృష్ణపక్షమున పడినది. ఆ తేదీలును, ఈ తిథియు ఒక్కసారి నిజము కానేరవు. అచ్చుపడినంత మాత్రమున తేదీ సత్యమని నమ్మరాదు.

అయినను ఎవ్వరును కాదనని దొకటి గలదు. గోండులు సాగుచేసికొను భూములనుండి వారిని అటవీ సిబ్బంది వెడలగొట్టిరి. భూమికై, అడవిపై హక్కుకై ఆ పోరు జరిగెను. దాని తరువాతనే నిజాము ప్రభుత్వము హైమన్‌డార్ఫ్ అను మానవశాస్త్రవేత్తచే గోండుల స్థితిని పరిశీలింపజేసెను. ఆయన మార్లవాయి గ్రామమున నివసించెను. 1943లో అచ్చట గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రము వెలసెను. పిదప అనేక కుటుంబములకు పట్టాలు లభించెను.

భీమును మాంత్రికునిగా చెప్పినచో, వినువారు మంత్రమునే తలతురు. భూమి మాట మరుగున పడును. గుండ్లు తాకగల దేహముతోనే ఆయన ఎదిరించి నిలిచెనని చెప్పినచో గౌరవము తగ్గునా? పెరుగునే గాని తగ్గదు.

కావున మనుమలకు కథలు చెప్పుడు, మానవలదు. కాని చెప్పుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనుడు: చూచినవా రెవరు? ఏ యేడు? ఎవరి కేమి కష్టము కలిగినందున? పిమ్మట, ఇది కథ, ఇది జరిగినది అని వేరుపరచి చెప్పుడు.