వండినదెవరు? వడ్డించుకున్నదెవరు?

విందు బాగున్నదని మెచ్చుకొనేవారు వందమంది వుంటారు. వండిన మనిషి తిన్నదో లేదో అడిగేవారు ఒక్కరుంటే గొప్ప. ఇది మన ఇళ్ళలో మాటే కాదు, ఫ్రాన్సు దేశపు మాట కూడా. 2023లో వచ్చిన 'ది టేస్ట్ ఆఫ్ థింగ్స్' అనే ఫ్రెంచి చిత్రం చూస్తే ఆ సంగతి తెలుస్తుంది.

కథాకాలం 19వ శతాబ్దపు చివరి దశకాలు. దొదాఁ అనే ఆయన కలిగినవాడు, భోజనప్రియుడు. ఆయన ఇంట ఇరవై ఏళ్ళకు పైగా వంట చేస్తున్నది యూజెనీ. బెన్వా మజిమెల్, జూలియెట్ బినోష్ ఈ పాత్రలు ధరించారు. చిత్రం మొదలవుతూనే చాలాసేపు తెరమీద వంట తప్ప మరొకటి లేదు. గిన్నెల చప్పుడు, నూనె చిటపటలే దానికి సంగీతం.

ఇటువంటి పాతకాలపు చిత్రాలు వచ్చినప్పుడు ఈనాటి విమర్శకులు ఒక లెక్క వేస్తారు. ఆడవారికి ఎంత చోటిచ్చారు? పేదలకెంత? ఇతర జాతులవారికెంత? లెక్క మంచిదే. కాని ముఖాలు లెక్కపెట్టినంత మాత్రాన న్యాయం తేలదు. వంటను గురించిన చిత్రమైతే మూడు ప్రశ్నలు వెయ్యాలి. వండినదెవరు? తిన్నదెవరు? సంబారాలు ఎక్కడివి?

మొదటి ప్రశ్నకు ఈ చిత్రం నిండుగా సమాధానం చెప్పింది. దీనికి ఆధారం మార్సెల్ రూఫ్ 1924లో ప్రచురించిన నవల. అందులో కథ మొదలయ్యేసరికే వంటామె పోయింది. మిగిలినదంతా యజమాని గాథ. దర్శకుడు వెనక్కి నడిచి, ఆమె బ్రతికివున్న రోజులను కథ చేశాడు. పొలం పని చేసుకొనే దంపతుల బిడ్డ పోలీన్ ఒక్క చెంచా రుచి చూసి అందులో ఏమేమి పడ్డాయో చెప్పేస్తుంది. నాలుకకు కులీనత లేదని ఇంతకంటె చక్కగా ఎవరు చెప్పగలరు!

రెండవ ప్రశ్న దగ్గర చిక్కు వచ్చింది. బల్లముందు కూర్చున్నవారు మగవారు. యూజెనీ వంటయింట్లోనే వుంటుంది. మాతో తినరాదా అని వారడిగితే, నా వంటలే మీతో మాట్లాడుతున్నాయి గదా అన్నట్లు నవ్వుతుంది. ఒకనాడు దొదాఁ స్వయంగా వండి ఆమెకు వడ్డిస్తాడు. నేను మీకు వంటామెనా, భార్యనా అని ఆమె అడిగితే, వంటామెవే అంటాడు. ఆమెకది పెద్ద గౌరవం. మన ఇల్లాళ్ళకది మెప్పుగా తోస్తుందో, వేరుగా తోస్తుందో వారే చెప్పాలి.

ఇంతకూ దర్శకుడు ఫ్రెంచివాడుగా పుట్టలేదు. ట్రాన్ ఆన్ హుంగ్ వియత్నాంలో పుట్టి, 1975లో బాలుడుగా ఫ్రాన్సు చేరాడు. 1993లో సైగాన్ ఇంటి పనిపిల్ల కథను ఫ్రాన్సులో సెట్టు వేసి తీశాడు. ఈ చిత్రానికి కాన్ ఉత్సవంలో ఉత్తమ దర్శకుడి బహుమతి పొందాడు. ఒకప్పుడు ఫ్రాన్సు ఏలిన దేశపు బిడ్డ ఫ్రెంచి వంటయింటిని అంత ప్రేమగా చూపడం ముచ్చటే.

అయితే మూడవ ప్రశ్నకు చిత్రం మౌనం వహించింది. ప్రధాన పాత్రలన్నీ తెల్లవారివే. కాని ఆనాటి ఫ్రెంచి వంటయింటి అలమరలో సగం సముద్రాలు దాటి వచ్చినదే. వెనిల్లా సంగతి చూడండి. రెయూనియన్ దీవిలో ఆ తీగ పూసేది గాని కాసేది కాదు. 1841లో ఎడ్మండ్ అనే 12 ఏళ్ళ బానిస పిల్లవాడు చిన్న పుల్లతో పూవును కాయించే కిటుకు కనిపెట్టాడు. దానితో తోటల యజమానులు ధనవంతులయ్యారు. అతడు 1880లో బీదవాడుగానే కన్నుమూశాడు. ఆ దీవికీ మనకూ చుట్టరికం వున్నది. 1828 ప్రాంతంలోనే, నాటి ఫ్రెంచి యానాం నుండి తెలుగు కూలీలను ఓడ ఎక్కించి అక్కడికి తీసుకుపోయారు.

పల్లెటూరి ఇంటి కథలో వీరందరినీ బలవంతాన కూర్చోబెట్టమని కాదు. ఒక్క డబ్బా మూత తీసినప్పుడు, ఒక్క మాట అనిపిస్తే చాలును.

చిత్రం మాత్రం చూడదగినదే. చూసి వచ్చాక ఒక చిన్న పని చెయ్యండి. ఈ పూట మీ ఇంట వంట చేసినావిడ భోజనం చేసిందో లేదో కనుక్కోండి.